కాక చూడని గెలుపులు

మా కాక పోయాడన్న కబురు అందినప్పుడు నేను బహ్రెయిన్‌లోని బుదైయాలో ఒక విల్లా డాబా మీద ఏసీ బిగిస్తున్నాను. ఫోన్ చేసింది మా గదిలో ఉండే సిరిసిల్ల తమ్ముడు. "అన్నా, కాక లేడన్నా" అన్నాడు. నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట "పడ్డడా?" స్కాఫోల్డింగ్ పని చేసే మనిషి గురించి ఎవరైనా ముందు అదే అడుగుతారు. "లేదన్నా. దిగిండు. మంచిగనే దిగిండు. నీళ్లు తాగి ఇనుప పైపుకు ఒరిగి కూసున్నడు. లేపితే లేవలే" అని తమ్ముడు ఏడ్చాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. మీనా సల్మాన్ రేవులో ఆయన చేస్తున్న గోదాము పని అయిపోవస్తోంది. అది కాగానే కాక ఇంటికి వెళ్లిపోవాలి.

వరసకు నాకేమీ కాడు. మా పక్క ఊరివాడు. గదిలో అందరికంటే పెద్దవాడు గనక కాక అయ్యాడు. గోడల చుట్టూ పైపులు కట్టి, పలకలు పరిచి, వాటి మీదికి మనుషుల్ని ఎక్కించడం ఆయన పని. డ్యూటీ ముగిశాక కింద నిలబడి తల పైకెత్తి ఒకే కేక వేసేవాడు: "అందరు దిగిండ్రా?" పైనుంచి ఎవరూ పలకకపోతేనే కదిలేవాడు. అప్పటికి బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతూ ఉండేవాడు. నేను ఆయనతో ఒకే సైటులో పని చేసిన రోజుల్లో ఎన్నిసార్లు విసుక్కున్నానో. "దిగిన్రు కాకా, నీకు కండ్లు కనబడ్తలేవా? యల్లా, బస్సు పోతది" అనేవాణ్ణి. "కనబడితే సాలదు కొడుకా, అడగాలె" అనేవాడు. అడగకుండా బస్సెక్కిన రోజు లేదు.

ఆయనకు ఆటలంటే పిచ్చి. అయితే ఆయన ఆట చూడడు. చూస్తే మనవాళ్ల వికెట్టు పడుతుందని గట్టి నమ్మకం. గదిలో మేమంతా టీవీ ముందు ఒకరి మీద ఒకరం పడి ఉంటే, ఆయన బయట కిటికీ కింద ఖాళీ పెయింటు బకెట్ బోర్లించి, దానిమీద కూర్చుని వెల్లుల్లి వలుస్తూనో చొక్కాకు గుండీ కుట్టుకుంటూనో ఉండేవాడు. మేము కిటికీలోంచి తల బయటపెట్టి ఆట చెప్పాలి. చెప్పకపోతే ఊరుకోడు. "ఏమైందిరా, నోళ్లు పడిపోయినయా?" అని గోడ మీద కొట్టేవాడు.

రెండు వేల ఇరవై నాలుగు మా గదికి పండగ సంవత్సరం. ఆ జూన్‌లో ఇరవై ఓవర్ల ప్రపంచ కప్పు ఫైనల్‌కు ఇండియా వచ్చింది. సాయంత్రం ఆట మొదలవుతుండగా అందరం కలిసి బలవంతంగా కాకను లోపలికి లాక్కొచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. అంతే. ఒకే ఓవర్లో రెండు వికెట్లు పడ్డాయి. ఇంకాసేపటికి మూడోది. కాక లేచి, చెప్పులు చేతపట్టుకుని బయటికి నడిచాడు. ఒక్కడంటే ఒక్కడు ఆపలేదు. ఆపడం మాట అటుంచి, సిరిసిల్ల తమ్ముడు తలుపు కూడా వేశాడు.

అసలు తమాషా అవతలివాళ్లు బ్యాటింగ్‌కు దిగాక. వాళ్లు మెల్లగా గెలుపు దగ్గరకు వచ్చేశారు. మాకు చెమటలు పట్టాయి. మా గదిలో ఒక శ్రీకాకుళం బావ ఉన్నాడు, లెక్కలు తీయడంలో ఘనుడు. కిటికీ దగ్గరకు పరిగెత్తి, "ఏటి కాకా, నువ్వు సూస్తే వికెట్టు పడిపోద్ది గదా! ఇప్పుడు ఆళ్ల బ్యాటింగు. ఇప్పుడు రావాల నువ్వు!" అన్నాడు. గదంతా ఘొల్లుమంది. కాక నవ్వలేదు. "వాళ్లు గూడ తల్లి కన్న పోరగాండ్లే బావా. నా కండ్లు వాళ్లమీదెందుకు?" అన్నాడు. చివరి ఓవర్లో బౌండరీ గీత దగ్గర ఆ క్యాచ్ పట్టినప్పుడు నేనే కిటికీలోంచి "గెలుస్తున్నం కాకా!" అని అరిచాను. "అంత అంచుల పట్టిండా? పడ్డడా పోరడు? దెబ్బ తాకిందా?" అని అడిగాడు. అందరం గంతులేస్తుంటే ఈయన అడిగింది అది! నాకు ఒళ్లు మండింది. "కప్పు గెలిచినమయ్యా!" అన్నాను. "సంతోషమే కొడుకా. ఎవ్వలు పడలే గదా?" అన్నాడు. మర్నాడు ఉమ్మ్ అల్ హస్సామ్ బజారుకు వెళ్లి అందరికీ జిలేబీ తెచ్చింది మాత్రం ఆయనే.

ఆ ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో బహ్రెయిన్ అమ్మాయి అడ్డకర్రలు దాటి, నీళ్ల గుంటలో దూకి పరుగెత్తే పందెంలో బంగారం గెలిచింది. గేటు దగ్గర ముసలి కాపలాదారు మా అందరికీ ఖర్జూరాలు పంచి, ఫోన్‌లో ఆ పరుగు చూపించాడు. కాక చూపు పక్కకు తిప్పుకున్నాడు. "అయిపోయిన పందెమే కాకా, నువ్వు చూసినా ఏం కాదు" అన్నాను. "అయితే పడ్డోళ్లు ఎవలన్న ఉన్నరా చెప్పు, ముందుగాల" అన్నాడు. తర్వాత పారాలింపిక్స్‌లో మన తెలంగాణ పల్లె పిల్ల నాలుగు వందల మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చినప్పుడు ఆయన ఆనందం పట్టలేకపోయాం. డిసెంబరులో మనదేశపు కుర్రాడు చదరంగంలో ప్రపంచ విజేత అయ్యాడని చెబితే, "ఇది మంచి ఆట. కూసోని గెలుసుడు. పడే బాధ లేదు" అన్నాడు.

ఆయన సంబరానికి ఇంకో కారణం ఉంది. కాక కూతురు కూడా ఆ నాలుగు వందల మీటర్లే పరుగెత్తుతుంది. ఇంటర్ చదువుతోంది. ఆమె నడక నేర్చిన నాటికే కాక దుబాయిలో, అంటే ఇక్కడ, ఉన్నాడు; మా ఊళ్లలో గల్ఫంతా దుబాయే. ఆమె పరుగు ఎన్నడూ చూడలేదు.

ఆ డిసెంబరులోనే జగిత్యాలలో పందెం పెట్టారు. చిన్నమ్మ, అంటే కాక భార్య, ముగింపు గీత పక్కన నిలబడి వీడియో కాల్ చేసింది. కాక ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వు సూడు కొడుకా, నేను బయటుంట" అని బకెట్ మీద కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి చెబుతున్నాను. బయలుదేరింది. అందరికంటే ముందుంది. మలుపు తిరిగింది. ఆ తర్వాత నా మాట ఆగిపోయింది.

"ఎవలన్న పడ్డరా?" అన్నాడు కాక.

ఎట్లా చెప్పను? "పిల్లనే పడ్డది కాకా" అన్నాను.

చేతిలోని వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టాడు. "లేసిందా?"

"లేసింది. ఉరుకుతాంది. అందరికంటే ఆఖర్న వచ్చింది."

కింద నిలబడి అడిగేవాడు లేక పైనే చిక్కుబడిపోయిన మనిషిలాగా కూర్చుండిపోయాడు. తర్వాత లోపలికి వచ్చి నా భుజం పట్టుకుని, "గిక్కడ అందర్ని దింపిన. గక్కడ నా బిడ్డ పడితే లేపే దిక్కు లేదు. ఇగ ఖలాస్. ఈ గోదాము కాంగనే పోత. మల్ల పందెంల గీత కాడ నేనే నిలబడత" అన్నాడు.

"నువ్వు చూస్తే ఓడిపోతదేమో కాకా!" అని ఆటపట్టించాను.

"ఓడిపోనీయ్. నా కండ్ల ముందట ఓడిపోనీయ్" అన్నాడు.

కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కూడా సరేనన్నాడు. ఆ రోజునుంచి కాక నోట ఒకటే పాట, గోదాము ఎప్పుడైపోతుందని. పైకప్పు పడింది, రేకులు పడ్డాయి. పైపులు విప్పడం ఒక్కటే మిగిలింది. ఎప్పుడూ ఆఖరున దిగే మనిషి, పోయిన రోజు పొద్దున అందరికంటే ముందు దిగాడు. పైన ఇంకా మనుషులు ఉన్నారు. వాళ్లను అడగకుండానే పోయాడు. నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది, ఎవరిమీదో తెలియదు. ఇంటికి ఆయన వెళ్లాడు, మేము పంపిన పెట్టెలో. ఆయన సైటులో ఇప్పుడు డ్యూటీ ముగిశాక బస్సు హారన్ ఒక్కటే వినిపిస్తుందట.

మొన్న శుక్రవారం మళ్లీ పందెం జరిగింది. పిల్ల ఉరకనని మొండికేస్తే చిన్నమ్మ తిట్టి తీసుకుపోయిందట. నాకే వీడియో కాల్ చేసింది. "నువ్వు సూడు బిడ్డా, మీ కాక ఉంటే నీకే ఇచ్చేటోడు గదా" అంది. గదిలో అందరం ఫోన్ చుట్టూ చేరాం. పిల్ల బయలుదేరింది. ఆ మలుపు దగ్గర శ్రీకాకుళం బావ కళ్లు మూసుకున్నాడు. మలుపు దాటింది. రెండోదిగా వచ్చింది.

నేను ఎప్పుడు లేచానో, ఎప్పుడు కిటికీ తీశానో నాకే తెలియదు. తల బయటపెట్టి అరిచాను: "కాకా! పిల్ల సెకండొచ్చింది! ఎవ్వలు పడలే కాకా!"

ఉతికిన బట్టలు ఆరేసుకుంటున్న పక్క గది బంగ్లాదేశ్ భాయ్ నా వైపు చూశాడు. తర్వాత కిటికీ కిందికి చూశాడు. అక్కడ పెయింటు బకెట్, కాక బోర్లించిపోయినట్టే, అట్లాగే ఉంది.