కోచ్ గారికి ఘన సన్మానం

మా ఫుట్‌బాల్ కోచ్ గారిని మార్చేయాలని మా కాంపౌండులో అందరికీ తెలుసు. ఆయనొక్కడికే తెలియదు. తెలియనివ్వకుండా జాగ్రత్తపడింది మేమే, అందులో నా వంతు తక్కువేమీ కాదు.

మాది మండపేటకు దగ్గర్లో ఒక మిషన్ కాంపౌండు. చర్చి, పక్కన బడి, బడి వెనక గ్రౌండు. చుట్టుపక్కల ఊళ్ళు క్రికెట్టు, వాలీబాలు ఆడుకుంటుంటే మేం ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. ఎప్పుడో మిషన్ దొరలు నేర్పి పోయిన ఆట. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఎవరు కోచో, నా కూతురు ఇంటర్ చదివే రోజుల్లోనూ ఆయనే కోచ్. ఒకసారి చీలమండ బెణికి నా కాలు బూరెలా వాచింది. "నొప్పి అనేది మనసులో ఉంటదిరా" అని గుడ్డ చుట్టి గ్రౌండులోకి తోశాడు. ఇవాళ్టికీ ఆ కాలు మడిచి కింద కూర్చోలేను. ఈ సంగతి ఆయనకు ఏనాడూ చెప్పలేదు. ఎదురుపడితే చేతులు కట్టుకుని "మీ దయవల్ల బాగున్నానండి" అంటాను.

ఆయన శిక్షణంతా రెండు ముక్కల్లో చెప్పొచ్చు. బంతి దొరికితే గట్టిగా ముందుకు తన్ను. దొరక్కపోతే అందరూ వచ్చి గోలు ముందు నిలబడండి. ఆటకు ముందు జట్టును గుండ్రంగా నిలబెట్టి ప్రార్థన చేయిస్తాడు. ఇంటర్వెల్‌లో ఆయనిచ్చే సలహాకంటే ఆ ప్రార్థన చాలా పొడుగు. ఓడిపోతే రిఫరీకి కళ్ళు లేవంటాడు, గ్రౌండులో గుంటలున్నాయంటాడు, పిల్లలు పొద్దున్న ఇడ్లీలు తినొచ్చారంటాడు. ఎప్పుడో రాజమండ్రిలో గెలిచిన కప్పొకటి ఆయనింట్లో టీవీ పక్కన ఉంటుంది. ఏ విషయం మొదలుపెట్టినా తిప్పి తిప్పి ఆ కప్పు దగ్గరికే తెస్తాడు. ఆ ఫైనల్ రోజున అవతలి జట్టు బస్సు దారిలో చెడిపోయి వాళ్ళు రానే లేదు. నాకు బాగా గుర్తు, ఆడకుండా గెలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా.

మగపిల్లలు ఎప్పుడో బుద్ధి తెచ్చుకుని క్రికెట్టుకు పోయారు. మిగిలింది ఆడపిల్లల జట్టు. పాపం వాళ్ళు ప్రాణం పెట్టి పరిగెత్తేవాళ్ళు, ప్రతిచోటా ఓడిపోయి వచ్చేవాళ్ళు.

మాకు రెండు వాట్సాప్ గ్రూపులుండేవి. ఒకదాంట్లో కోచ్ గారుంటాడు, రెండోదాంట్లో ఉండడు. అయిదు గోల్స్ తేడాతో ఓడిన రోజున మొదటి గ్రూపులో "పిల్లలు అద్భుతంగా పోరాడారు, కోచ్ గారికి వందనాలు" అని, కింద దండం బొమ్మలు వరసగా పడేవి. అదే మనుషులు, అదే నిమిషంలో, రెండో గ్రూపులో "ఈయన్ని ఎప్పుడు దింపుతారండి బాబూ" అని రాసేవాళ్ళు. ఇంత పిరికి మందను నేనెక్కడా చూడలేదు. దండం బొమ్మ పెట్టడంలో వాళ్ళందరికంటే నేనే ముందుండేవాణ్ణి.

ఇంతకీ అసలు విషయం మా అమ్మాయి మోకాలు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, జట్టులో ఫార్వర్డు. ప్రాక్టీసులో మోకాలు మెలిపడింది. వాపు తగ్గినా మెట్లు దిగేటప్పుడు టక్కుమని జారేది. కోచ్ గారు చూసి, కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రుద్దితే రెండ్రోజుల్లో సర్దుకుంటుందన్నాడు. అప్పుడే మా బడికి కొత్తగా ఒక పీఈటీ మేడం బదిలీ మీద వచ్చింది. యూనివర్సిటీ జట్టుకు ఆడిన మనిషి, కోచింగు కూడా నేర్చుకుంది. ఆవిడ మోకాలిని అటూ ఇటూ నొక్కి చూసింది.

"స్కాన్ తీయించండి సార్. లిగమెంటు కొంచెం తెగినట్టుంది. ఇప్పుడు ఆగితే బాగైపోద్దండి. ఇలాగే మ్యాచి ఆడితే మాత్రం మొత్తం పోద్ది. నేను చెప్పానని కాదు, మీ అమ్మాయి కాలు అది."

సాయంత్రాలు జట్టును చూసుకుంటారా అని అడిగాను. పిలిస్తే వస్తానంది. పెద్దాయన ఉండగా తనంతట తాను రానంది.

ఇక్కడ మీరు నన్ను అడగాల్సిన మాట ఒకటుంది. పిల్ల మోకాలు బాలేదు, ఆడదండి అని ఆయనతో చెప్పడానికి నీకేం రోగం అని. మా ఆవిడ సరిగ్గా ఇదే అడిగింది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది. నువ్వాగు, కమిటీలో పెడతాను అన్నాను. ఆయనిచ్చిన కర్పూరం నూనె పనికిరాదని ఆయన మొహం మీద ఎలా అంటాను? ఆయనే పోయి మేడం వచ్చేస్తే ఆ మాట అనే అవసరమే రాదు కదా. ఒక్క మ్యాచి మానిపించడంకంటే కోచ్‌నే మార్చేయడం తేలికనిపించింది నాకు. నేను పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పే మాస్టార్ని. ధైర్యం మీద వ్యాసాలు రాయిస్తుంటాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క గదిలో కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ముగ్గురం. ప్రెసిడెంటు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. రెండోవాడు రైసుమిల్లు యజమాని, హిందువే గానీ పిల్లలకు జెర్సీలు, మ్యాచిలకు వ్యాను ఇచ్చేది ఆయనే. మూడోవాణ్ణి నేను.

"మార్చాల్సిందేనండి. అందులో రెండో మాట లేదు," అన్నాడు ప్రెసిడెంటు. "ఆయనకి ఎవరు చెప్తారు మరి?"

"నేను బయటివాణ్ణండి," అన్నాడు మిల్లు యజమాని. "జెర్సీలిమ్మంటే ఇస్తాను. మీ చర్చి పెద్దమనిషికి నేను చెప్తే ఏం బాగుంటదండి?"

"హెడ్మాస్టారుగా చేశారు, మీరు చెప్తే వింటారు కదండి," అన్నాను ప్రెసిడెంటుతో.

"అయ్యబాబోయ్, నా వల్ల కాదు. మా అమ్మాయి పెళ్ళంతా ఆయన చేతుల మీదే జరిగింది. మీరు ఆయన శిష్యులు. శిష్యుడు చెప్తే మనసు కష్టపెట్టుకోరు."

నేను నీళ్ళు నమిలాను. ఆ తర్వాత మిల్లు యజమానికి ఐడియా వచ్చింది.

"మా మిల్లులో ముసలి మేస్త్రి ఉండేవాడండి. పొమ్మనలేం కదా. శాలువా కప్పి, బట్టలు పెట్టి, అందరికీ భోజనాలు పెట్టేశాం. మర్నాడు ఆయనే రాలేదు. మనమూ సన్మానం చేసేద్దామండి. ఆయనకే అర్థమైపోద్ది."

ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. గోదావరి జిల్లాల్లో మేం మనిషిని పొమ్మని చెప్పం, శాలువా కప్పుతాం. బళ్ళో, బ్యాంకులో, పంచాయతీ ఆఫీసులో ఎంతమందికి కప్పలేదు? కప్పించుకున్న ప్రతివాడూ మర్యాదగా ఇంటికి పోయాడు. వాళ్ళందరి చేతుల్లో అప్పటికే రిటైర్మెంటు ఆర్డరు ఉంటుందన్న సంగతి ఆ గదిలో ఒక్కడి బుర్రకూ తట్టలేదు. మేస్త్రి సంగతంటారా, ఆయన అప్పటికే మంచాన పడ్డాడట, తర్వాత తెలిసింది.

సన్మాన పత్రం రాసే పని నాకు పడింది. మొదట "వీడ్కోలు" అని రాశాను. ప్రెసిడెంటు అది చదివి, వీడ్కోలంటే ఆయన నొచ్చుకుంటారండి అని కొట్టేశాడు. "విశ్రాంతి" అని రాస్తే అదీ కొట్టేశాడు. చివరికి పొమ్మనే అర్థం ఎక్కడా తగలకుండా రెండు పేజీలు పొగడ్త మిగిలింది. అలుపెరుగని క్రీడా యోధుడన్నాను. ఆయన లేని గ్రౌండును ఊహించలేమన్నాను. ఆ వాక్యం కుదిరినందుకు నాలో నేను మురిసిపోయాను కూడా. ఆ వారమంతా ఫ్లెక్సీకి ఫొటో, షామియానా, వంటవాళ్ళు, ఇదే గొడవ. స్కానుకు రాజమండ్రి వెళ్ళాల్సింది, పనులయ్యాక వెళ్దాంలే అని వాయిదా వేశాను.

సన్మానం దివ్యంగా జరిగింది. శాలువా కప్పారు, గజమాల వేశారు. నేను పత్రం చదివాను. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ వణికించాలో నాకు తెలుసు. మునగచెట్టు ఎక్కించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కోచ్ గారు శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ మైకు పట్టుకున్నాడు.

"నిజం చెప్తున్నానండి. ఈ ఏడుతో మానేద్దామనుకున్నాను. ఒంట్లో ఓపిక లేదు. మా ఆవిడ కూడా ఇక చాలు అంటోంది. మీరందరూ బాధపడతారేమో, మీకెలా చెప్పాలా అని రెండు నెలల్నించీ నిద్ర లేదు నాకు. ఇవాళ నా శిష్యుడు చదివింది విన్నాక మనసు మార్చుకున్నానండి. నేను లేని గ్రౌండును ఊహించలేమన్నాడు. ఇంకేం కావాలి? ఊపిరున్నంతవరకూ మిమ్మల్ని వదిలిపెట్టను."

అందరం లేచి చప్పట్లు కొట్టాం. "ఏంటండి, ఇలా అయ్యింది?" అని మిల్లు యజమాని నా చెవిలో గొణిగాడు. వెంటనే వెళ్ళి బిర్యానీ దగ్గర నిలబడ్డాడు. ప్రెసిడెంటు నా కళ్ళలోకి చూడకుండా కోచ్ గారితో ఫొటో దిగాడు. సిగ్గూ శరమూ లేని మనుషులం. రెండో గ్రూపులో ఆ సాయంత్రం ఒక్క మెసేజీ లేదు.

వచ్చే శనివారం పెద్దాపురంలో మ్యాచి అని చెప్పి, అక్కడే, షామియానా కిందే, కోచ్ గారు జట్టు పేర్లు చదివాడు. మొదటి పేరు మా అమ్మాయిది.

"చెప్పావా నాన్నా?" అని అడిగింది ఇంటికొచ్చాక.

సందర్భం రాలేదమ్మా, రేపు చెప్తానన్నాను. ఆ రేపు గురువారం దాకా రాలేదు. గురువారం సాయంత్రం ప్రాక్టీసు దగ్గరికి నేనూ వెళ్ళాను. మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, నేను కదలకపోయేసరికి తనే కోచ్ గారి ముందుకెళ్ళి నిలబడింది.

"సార్, నా మోకాలు బాలేదండి. పీఈటీ మేడం పరిగెత్తొద్దన్నారు. నేను ఈ మ్యాచి ఆడనండి." కాస్త ఆగి మళ్ళీ అంది. "జట్టుని మేడం గారికి ఇచ్చేస్తే మాకు బాగుంటదండి. అందరూ అదే అనుకుంటున్నారు. మీతో చెప్పట్లేదంతే."

ఆయన కోప్పడలేదు. మెడలో విజిలు తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏరా, నిజమేనా? అందరూ అలాగే అనుకుంటున్నారా?"

ఆయన దెప్పడానికి అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. అవునండి అంటే చాలు, ఆ విజిలు తీసి నా చేతిలో పెట్టేసేవాడు. ఆ మాట ఆయన మొహంలోనే ఉంది. మా అమ్మాయి కూడా నా నోటి వైపే చూస్తోంది.

"చిన్నపిల్లండి," అన్నాను. "నొప్పి చిరాకులో ఏదో అనేసింది. మీరు మనసులో పెట్టుకోకండి. కట్టు కట్టుకుని ఆడుద్ది లెండి."

ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ క్షణంలో ఆయన ముందు నేను మంచివాణ్ణనిపించుకోవాలి, అంతే. నలభై ఏడేళ్ళ మనిషిని, చేతులు కట్టుకుని నవ్వాను. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని, మా అమ్మాయి తల మీద చెయ్యేసి, భయం లేదమ్మా అన్నాడు. శనివారం దాకా మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. వాళ్ళమ్మ వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, శనివారం పొద్దున్నే జెర్సీ వేసుకుని వ్యాను ఎక్కేసింది.

మ్యాచి మొదలై అరగంట కూడా కాలేదు. ఎవరూ తగల్లేదు, ఎవరూ నెట్టలేదు. బంతి కోసం పక్కకు తిరిగి అలాగే కూలబడిపోయింది. దాని అరుపు గీత అవతల నిలబడ్డ నాకు వినిపించింది.

రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. నడుస్తుంది, మెట్లెక్కుతుంది, ఆట మాత్రం మర్చిపోండి అన్నాడు డాక్టరు. రెండు గ్రూపుల్లోనూ ఈసారి ఒకే మెసేజీ పడింది, త్వరగా కోలుకోవాలని, కింద దండం బొమ్మలతో.

మూడో రోజు పొద్దున కోచ్ గారు వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి. మంచం పక్కన నిలబడి మోకాలి కట్టును చూస్తూ ఉండిపోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంత దెబ్బని తెలిస్తే దింపేవాణ్ణి కాదమ్మా. దేవుడి తోడు. నాకు ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చెప్పలేదు."

"నేను చెప్పానండి," అంది మా అమ్మాయి.

ఆయన తల ఊపాడు. అవునమ్మా, నువ్వు చెప్పావు అన్నాడు. తర్వాత మెల్లగా తలెత్తి నా వైపు చూశాడు. మా అమ్మాయి చూడలేదు.

మంచినీళ్ళేమైనా కావాలా అమ్మా అని అడిగాను.