బేసిన్ నర్సమ్మ

మా వీధికి ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకునే మనిషనుకున్నాను. చంకలో నీలం బేసిన్, భుజాన సంచీ. బేరమాడదామని నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె ఎదుటి కొట్టు అరుగు మీద కూర్చుని ఉంది. ఆ కొట్టు మూతపడి చాలాకాలమైంది. గొడుగులు బాగుచేసే పెద్దాయన పగలంతా వీధులు తిరిగి, రాత్రికి ఆ అరుగు మీదే నడుం వాలుస్తాడు. ఇల్లంటూ లేదు. ఈమధ్య తిరగడం కూడా మానేశాడు. కాలికి పుండు.

"పిన్నిగారూ, కాసిని గోరువెచ్చని నీళ్లిస్తారా?" అని ఆమె బేసిన్ పట్టుకుని మా గుమ్మం దగ్గరకొచ్చింది.

నీళ్లిచ్చి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? వెంటే వెళ్లాను.

"ఎవరమ్మా నువ్వు? పెళ్లయిందా? ఈయన నీకేమవుతాడు?"

"నర్సునండీ. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఈయన నాకు ఇప్పటిదాకా ఏమీ కాడు, ఇకమీదట బాబాయ్" అంది నవ్వుతూ.

నిలువ నీడ లేనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లి వైద్యం చేయడమే ఆసుపత్రిలో ఆమెకు అప్పగించిన పనట. ఎవరినీ వస్తూనే రోగమేమిటని అడగదు. ముందు పాదాలు బేసిన్‌లో పెట్టించి కడుగుతుంది. "కాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ ఎవరూ లేచి పారిపోరు కదండీ" అంటుంది. నిజమే. ఇన్నేళ్లలో నాతో గొడుగు మాట తప్ప మాట్లాడని మనిషి, ఆ పూట తన తల్లి పోయిన సంగతి కూడా చెప్పాడు. నేనడిగితే ఒక్క ముక్క చెప్పలేదే అని నాకు ఒళ్లు మండింది.

పుండు శుభ్రం చేసి, కట్టుకట్టి, మాత్రలిచ్చింది. "మూడు పూటలా వేసుకో బాబాయ్. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు, భోజనం చేశాకే." ఆయన బుద్ధిగా తలూపాడు.

తరచుగా వచ్చి కట్టు మారుస్తూనే ఉంది. అయినా పుండు మానలేదు, వాపు పాకింది. ఇలాగే ముదిరితే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పారట. పాదం పోతే ఆయన వీధులెలా తిరుగుతాడు? ఆమె ముఖంలో నవ్వు మాయమైంది.

"మాత్రలైపోయి ఉండాలే. ఖాళీ అట్టలేవి బాబాయ్?"

ఆయన తన పనిముట్ల పెట్టె అడుగునుంచి తీసిచ్చాడు. అట్టలు దాదాపు నిండుగానే ఉన్నాయి.

నేనాగలేకపోయాను. "ఏమయ్యా, ఈ పిల్ల అంత దూరం నుంచి పడీపడీ వస్తుంటే మాత్రలు దాచుకుంటావా?"

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "తప్పకుండా వేసుకున్నానమ్మా. తిన్నాకే కదా వేసుకోమంది? తిన్నప్పుడల్లా వేసుకున్నాను."

నర్సమ్మ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"పొరపాటు నాది బాబాయ్. ఎప్పుడు తింటావో అడక్కుండానే మాత్రలిచ్చాను" అని లేచి, ఆ పూటే డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది. డాక్టరుగారు అరుగు మీదే కూర్చుని పుండు చూసి, రోజుకొక్కసారి వేసుకునే మందు రాశారు.

ఆ ఒక్క మాత్రకైనా అన్నం కావాలి కదా. నేను పళ్లెం పట్టుకెళితే పెద్దాయన ముట్టుకోలేదు. "ఊరికే తినను."

"ఊరికే ఎవరు పెడతారయ్యా నీకు? మా ఇంట్లో విరిగిన గొడుగులు కుప్ప పడున్నాయి. తిని, కూర్చుని బాగుచెయ్యి."

ఇంట్లోకి రాగానే మా కోడలు అడిగింది. "మనకున్నవి రెండే గొడుగులు కదత్తయ్యా, కుప్పెక్కడిది?"

"మాట్లాడకుండా పక్కిళ్లకెళ్లి పోగేసుకురా!"

అలా వీధి వీధంతా గొడుగులు పంపింది. రోజూ ఒక గొడుగు, ఒక పళ్లెం, ఒక మాత్ర. వాపు తగ్గింది. పుండు మానింది. పాదం నిలిచింది.

ఇప్పుడా ఆసుపత్రి నుంచి వీధుల్లోకి వెళ్లే ప్రతి నర్సూ మందు ఇవ్వబోయే ముందు "ఎప్పుడు తింటావు? ఎక్కడ పడుకుంటావు?" అని అడుగుతోందట. ఈమె పట్టుబట్టి పెట్టించిన పద్ధతి అది.

పెద్దాయన మళ్లీ పెట్టె భుజానికెత్తుకున్న పొద్దున నర్సమ్మ మా గుమ్మంలోనే ఉంది. "పాత గొడుగులు బాగుచేస్తాం!" అన్న కేక మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఒడిలో పొడి బేసిన్ పెట్టుకుని వింటూ కూర్చుంది.

"నీ కడుపు చల్లగుండ, లోపలికి రావే. ఇంతకీ పొద్దున్నుంచి నువ్వేం తిన్నావు?" అన్నాను.

నా తల్లి, ఏమీ తినలేదు.