తాంబూలం పెట్టి పిలిచిన ఆట

పొద్దున్నే పిన్నమ్మ ఫోన్ చేసి, "మీ చిన్నాయన పోయినాడమ్మా" అని పెట్టేసింది. నేను వేలూరులో ఆఫీసుకు బయల్దేరతా ఉంటి. గుడియాత్తం బస్సెక్కి కే.వి.కుప్పం దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. ఆ కోపం మా నాయన మీద. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయమంటే ఇదేంది, కన్నతండ్రిని తిడతా ఉండాది అనుకుంటారేమో. అనుకోండి.

చిన్నాయనది గుడియాత్తం బజారులో స్టీలు పాత్రల అంగడి. ఏ గిన్నె అమ్మినా ముందు వేలితో టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని విని, అప్పుడు ఇచ్చేవాడు. గలాటా అంటే భయం. ఎవరన్నా గొంతు పెంచితే "సరి, విడప్పా, వదిలెయ్, అన్నం చల్లారిపోతాది" అని నవ్వేసేవాడు. ఆ అంగడి ఒకప్పుడు ఆయనకూ నాయనకూ ఉమ్మడి. భాగాలు పంచుకున్నప్పుడు నడిమధ్య గోడ లేచింది. గోడకు ఆపక్క అన్న, ఈపక్క తమ్ముడు. మాటల్లేవు.

గోడ లేవకముందు, వయసులో ఉన్నప్పుడు, ఇద్దరూ కలిసి ఒక కంప్యూటర్ కొన్నారంట. టీవీకి తగిలించేది. క్యాసెట్ పెడితే కీచుకీచుమని కూసి, ఆ కూతలోనించి ఆట వచ్చేది. రెండు బ్యాట్లు, ఒక బంతి. ఆదివారమొస్తే అన్నదమ్ములకు అదే పని. పంపకాల్లో ఆ మిషన్ నాయన పాలికి వచ్చింది. తమ్ముడి మీద మంటతో దాన్ని పాత ఇనుమోడికి ఏసేసినాడు. క్యాసెట్ మాత్రం చిన్నాయన దగ్గర ఉండిపోయింది.

ఆ పాత కంప్యూటర్ మాదిరే నడిచే సాఫ్ట్‌వేర్ ఉండాదనీ, దాన్ని ఎమ్యులేటర్ అంటారనీ పోయిన ఏడు చిన్నాయనకు తెలిసింది. "యాడుండావమ్మా? ల్యాప్‌టాప్ ఎత్తుకొని రా" అన్నాడు. క్యాసెట్ కూతను రికార్డు చేసి ఫైలుగా ఎక్కించినాం. ఎర్రర్. సౌండు తగ్గించి మళ్ళా రికార్డు చేసినాం. ఈసారి ఆట వచ్చింది గానీ బంతి కంటికి ఆనలేదు, అంత వేగం. పాత మిషన్ వేగానికి దించినాం. కూతలు లేకుండా చిటికెలో లోడయ్యే సెట్టింగు ఉండాదంటే ఒప్పుకోలేదు. "ఆత్రంగా తింటే ఒంటికి పట్టదు. కుయ్యనీ" అన్నాడు. ఏ పనైనా నిదానంగా చేసేది నేను ఆయన దగ్గరే నేర్చుకుంటి.

ఏ కీ ఎవరికని పెట్టేటప్పుడు మాత్రం సాయంత్రం దాకా కూర్చున్నాడు. "మీ నాయనది ఎడమచెయ్యి వాటం. ఆయనకు ఎడమపక్క ఇయ్యి." తరువాత, అన్నకు చూపు తగ్గిందని, పిన్నమ్మ స్టిక్కర్ బొట్లు తెచ్చి ఆ కీల మీద అతికించినాడు. నేను నవ్వితి.

"అన్నతో ఒక్క ఆట ఆడితే చాలమ్మా" అన్నాడు. అప్పటికే ఆయన ఒళ్ళు బాగలేదు. అది ఆయనకూ తెలుసు, మా అందరికీ తెలుసు.

నాయనకు చెప్తే, "ఊరికే ఎట్ల వస్తారు? తాంబూలం పెట్టి పిలవమను" అన్నాడు. మా వాళ్ళల్లో విడిపోయిన ఇంటికి పిలుపంటే అంతే. పళ్ళెంలో ఆకువక్కా పండూ పెట్టి పిలవల్ల, అవతలోళ్ళు ఆకు తీసుకుంటే వస్తామని మాటిచ్చినట్టే. తప్పించుకునేదానికి అట్ల అన్నాడు నాయన. చిన్నాయన నిజంగానే పళ్ళెం ఎత్తుకొని అన్న అంగడికి పోయినాడు. ఆటకు తాంబూలమా అని బజారంతా నవ్వింది. "ఆదివారం రాన్నా" అన్నాడంట. నాయన ఆకు తీసుకున్నాడు. సున్నం పూసి నమిలినాడు గూడా.

పోలేదు.

ఆ ఆదివారం చిన్నాయన ఇస్త్రీ చొక్కా ఏసుకొని, ల్యాప్‌టాప్ ముందర రెండు కుర్చీలు ఏసి కూర్చున్నాడు. పిన్నమ్మ వడలు చేసింది. పొద్దు వాలినాక "అంగట్లో బేరం ఉంటాదిలే" అన్నాడు. ఆదివారం అంగడి మూతని ఎవరికి తెలీదు?

చావింటికి నాయన నాకంటే ముందే వచ్చినాడు. మంచికి పోకపోయినా చెడ్డకు పోవల్ల అంటారు గదా. అందరికంటే పెద్ద పూలమాల ఆయనదే. "నా తమ్ముడు బంగారం" అని గుండెలు బాదుకుంటే చుట్టాలంతా ఆయన్నే ఓదార్చినారు. పిన్నమ్మ మూలలో ఒక్కతే ఉన్నింది.

కర్మాలు అయినాక నాయన నా దగ్గరకు వచ్చి, "ఆ ఆట ఒకసారి చూపీమ్మా" అన్నాడు. చూపించకూడదనే అనుకుంటి. పిన్నమ్మే, "చూపించు. ఆయన సెట్ చేసింది మీ నాయన కోసమే గదా" అనింది.

కూత అయిపోయి ఆట వచ్చింది. నాయన ఎడమచెయ్యి పెట్టి బంతిని కొట్టినాడు. అవతలి బ్యాటు నిలబడినచోటే ఉండాది. నాయనకు ఒక పాయింటు. మళ్ళా బంతి వచ్చింది, మళ్ళా కొట్టినాడు. ఇంకో పాయింటు.

"వాడిది కదల్లేదేందమ్మా?"

"మనిషి కూర్చుంటేనే కదుల్తాది నాయనా" అంటి. మెత్తగా చెప్పాలనిపించలేదు.

నాయన కండ్లల్లోనించి నీళ్ళు కారతా ఉండాయి. చెయ్యి మాత్రం తీయలేదు. బంతి అవతలికి పోతానే ఉండాది. నాయన గెలుస్తానే ఉండాడు.