పెంకుటింటి హోటలుకు చరిత్ర రాశాను

సూర్యాపేట నుంచి పెన్‌పహాడ్ పోయే దారిలో, వేపచెట్ల మధ్య ఒక పాత పెంకుటిల్లు ఉంది. ఇప్పుడది హోటల్. మధ్యాహ్నం పూట కప్పులోని అద్దం పెంకులోంచి పళ్లెమంత ఎండ నడిమింట్లో పడుతుంది. వంటింటి పొగ ఆ వెలుగులోకి వచ్చి తిరుగుతుంటే, ముందున్న అన్నం చల్లారేదాకా చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. బడి నుంచి రిటైరయ్యాక నాకు వేరే పనేముంది కనుక.

హోటల్ నడిపే అమ్మాయిది కోదాడ. ఒకరోజు నా దగ్గరికొచ్చి, ఈ ఇంటి చరిత్ర అర పేజీ రాసిపెట్టండి టీచర్ గారూ, ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాం అంది. అడగడమే ఆలస్యం, ఒప్పేసుకున్నాను. ఏళ్ల తరబడి పిల్లల వ్యాసాలు దిద్దిన చేయి, ఊరికే ఉంటుందా?

మిర్యాలగూడలో రైసు మిల్లు పెట్టుకున్న ఆ ఇంటి దొరగారి మనవణ్ని కలిసి, చాయ్ తాగి, సంగతులన్నీ రాసుకొచ్చాను. ఇల్లు కట్టించిన దొర, ఆయన తండ్రి, తాత, అందరి పేర్లూ రాశాను. టేకు దూలాలు ఎక్కడి నుంచి బండ్ల మీద వచ్చాయో రాశాను. సాగర్ కాలువ తవ్వే రోజుల్లో ఆఫీసర్లు కిరాయికి ఉన్నారు. తర్వాత పోస్టాఫీసు అయింది, ఎండుమిరపకాయల గోదాము అయింది, చివరికి గబ్బిలాలకు ఇల్లయింది. ఒక్కటీ వదల్లేదనుకుని మురిసిపోయాను.

ఇంటికొచ్చి మా అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు చదవడం రాదు గానీ వినడం బాగా వచ్చు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

"గోడలు ఎవ్వలు పెట్టిండ్రో రాయలేదేంది బిడ్డా?" అన్నది.

పెండ్లి కాకముందు మా అమ్మా, వాళ్లమ్మా కలిసి ఆ గోడలకు మట్టి తొక్కారు. కప్పు పడ్డనాటి నుంచి, దొరలున్నన్నాళ్లూ, మా కులంవాళ్లెవరినీ ఆ గడప దాటనివ్వలేదు. కూలికి పోయినా, తిండి వెనక పశువుల కొట్టం దగ్గరే, విస్తరిలో. ఇవన్నీ నా చిన్నప్పుడు అమ్మ చెప్పినవే. ఎవరి కథో విన్నట్టు విని మరిచిపోయాను. దీపం కింద చీకటి అంటే ఇదే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే ఆటో మాట్లాడి ఆమెను హోటలుకు తీసుకుపోయాను. నాకు ఒకటే కోరిక, ఆ నడిమింట్లో కూర్చుని మా అమ్మ అన్నం తినాలి. అరుగు దాకా బాగానే వచ్చింది. అక్కడ చెప్పులు విడిచి ఆగిపోయింది. అందరూ చెప్పులతోనే లోపలికి పోతున్నారు. నువ్వు తినిరా, నేను ఇక్కడ కూర్చుంటానంది. బతిమాలాను. చివరికి విసుక్కున్నాను కూడా, నా బుద్ధి అంతే. ఇంతలో కోదాడ అమ్మాయి బయటికొచ్చి ఏమీ అడక్కుండా ఆమె చెయ్యి పట్టుకుంది. ఎండగా ఉంది, లోపలికి రండి అమ్మమ్మా అంది. అమ్మ ఒకసారి గడపను చూసి, కుడికాలు లోపల పెట్టింది.

అరచేత్తో గోడలు తడుముకుంటూ, నిద్రలో నడిచే మనిషిలా ఇల్లంతా తిరిగింది. ఎండ పడేచోట ఆగి ముఖం పైకెత్తింది.

"ఈ ఇల్లు నాకు మస్తుసార్లు కలల వచ్చింది. కలల గూడ నేను బయటనే ఉండేదాన్ని" అన్నది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. పప్పు, పచ్చిపులుసు, రెండుసార్లు అన్నం వేయించుకుని నింపాదిగా తిన్నది. వేపచెట్ల గాలి, పళ్లేల చప్పుడు, మనుషుల మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. వెలుగు మా బల్ల మీదికి జరిగి, మళ్లీ అవతలికి పోయింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

చేతులు కడుక్కొచ్చాక, నేను రాసిన కాగితం వెనక్కి తిప్పాను. మళ్లీ మొదటి నుంచి రాస్తాను, మొదటి పేరు నీదేనన్నాను.

"నాది తర్వాత. ముందుగాల మా అమ్మది రాయి. ఎక్కువ తొక్కింది ఆమెనే."

పెన్ను మూత తీశాను. దొరగారి తాత పేరు నాకు నోటికి వచ్చు. నేను పుట్టకముందే పోయిన మా అమ్మమ్మ పేరేమిటో నాకు తెలియదు. పక్కన కూర్చున్న అమ్మను అడగవలసి వచ్చింది.