అమెరికా పాఠానికి అరువు గొంతు

ఉమాపతి మాస్టారు మిసిసిపీ నదిని చూడలేదు. చూస్తానన్న ఆశ కూడా ఆయనకు లేదు. అయినా తాడేపల్లిగూడెంలో ఆయన చెప్పే బి.ఎ. క్లాసులో కూర్చున్నవాళ్ళకు ఆ నది మన కాలవల పక్కనే పారుతున్నట్టుండేది. అమెరికా పత్తి తోటల గురించి చెప్పాలంటే పెంటపాడు చేలతో మొదలుపెట్టేవారు. నడుం వంచి నాట్లు వేసేదెవరు, గట్టు మీద గొడుగేసుకుని నిలబడేదెవరు అని అడిగేవారు. బానిసత్వం పోయాక కూడా విడుదలైనవాళ్ళు అదే దొర పొలంలో పండినదాంట్లో వాటాకు పనిచేశారని చెప్పి, మన కౌలు రైతు సంగతి ఎత్తేవారు. మిసిసిపీ పొంగి ఊళ్ళు మునిగిన పాత ఫోటోలు తెర మీద వేస్తే, కైకలూరు నుంచి వచ్చే పిల్లలు "ఇది మా కొల్లేరే సార్!" అని అరిచేవారు.

మొదట్లో ఆయన ఇలా చెప్పేవారు కాదట. ఒక ప్రైవేటు కాలేజీలో ఏటా ఆర్డరు కోసం ఎదురుచూసే గెస్టు లెక్చరరు. తను చదువుకున్ననాటి నోట్సే డిక్టేట్ చేసేవారు. అంతర్యుద్ధానికి కారణాలు, ఫలితాలు, అక్కడితో సరి. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని ఫోనులో వెతుకుతుంటే అమెరికా లైబ్రరీలు తమ పాత కాగితాలన్నీ ఎవరైనా చూసుకోవచ్చని నెట్లో పెట్టాయని తెలిసింది. సైనికుల ఉత్తరాలు, మ్యాపులు, మనుషుల్ని అమ్ముతామంటూ వేసిన ప్రకటనలు, ఫోటోలు, గొంతుల రికార్డులు. వాటిని పిల్లలకు ఎలా చెప్పాలో టీచర్ల కోసం వేరే పేజీలు. ఇక్కడ మా ఊరి లైబ్రరీలో బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకునేసరికి నాకు ఒక వేసవి గడిచిపోయింది. సముద్రాల అవతలి బీరువాలు మాత్రం పెంటపాడులో అర్చకులైన ఆయన తండ్రిగారి ఇంటి అరుగు మీద తెరుచుకున్నాయి.

స్టేషను రోడ్డులో ఫోటో స్టూడియోలో నా పని. స్టూడియో నాది కాదు, పని మాత్రమే నాది. మాస్టారు తన పాఠాలను వీడియోలుగా చేయించుకోవడానికి అక్కడికి వచ్చేవారు. ఆయన మాట్లాడేవారు, నేను ఆ ఫోటోలూ మ్యాపులూ అతికించేవాణ్ణి. ఇంటరు ఆపేసిన నాకు అమెరికా చరిత్ర వచ్చింది ఆ అతికింపుల్లోనే.

ఆయనకు ఇంకో విద్య ఉంది. మిమిక్రీ. తండ్రి దగ్గర మంత్రాలతోపాటు గొంతు కూడా నేర్చారు, గొంతు మాత్రమే నిలిచింది. మార్కెట్ యార్డులో వేలం పాడే మనిషి, బ్యాంకు మేనేజరు, రైల్వే అనౌన్సరు, ఎవరైనా సరే ఒకసారి వింటే చాలు. పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక బంధువులు చుట్టూ మూగేవారు. "ఏవండీ, మేనేజరుగారు లోను లేదనడం ఒక్కసారి చేసి చూపించండీ" అని బతిమాలేవారు. తినే తిండి కన్నా ఆ నవ్వులంటేనే ఆయనకు ఎక్కువ ఇష్టమని నాకనిపించేది.

పోయిన ఏడాది ప్రిన్సిపాలు ప్రసాదరావుగారు ఆయన్ని పిలిచి సంగతి చెప్పారు.

"బి.ఎ.కి పిల్లలు రావట్లేదండీ మాస్టారూ. యాజమాన్యం సెక్షను ఎత్తేద్దామంటోంది. కాలేజీ తనిఖీకి కమిటీవాళ్ళు వస్తున్నారు కదా, మీ వీడియోలు చూపించి మెప్పిద్దాం. వాళ్ళు బాగుందంటే సెక్షను ఉంటుంది. సెక్షనుంటే మీరుంటారు."

ఆ కమిటీ కోసమే మాస్టారు ఒక పాఠం ఎంచుకున్నారు. సుమారు తొంభై ఏళ్ళ క్రితం అమెరికా ప్రభుత్వం, అప్పటికింకా బతికున్న పాత బానిసల దగ్గరికి మనుషుల్ని పంపి వాళ్ళ జ్ఞాపకాలు రాయించింది. అందులో ఒక ముసలమ్మ మాటలు ఆయన తెలుగు చేసుకున్నారు. యజమాని చనిపోతే ఆస్తి పంపకాల్లో తల్లి ఒక కొడుకు వాటాకు, అప్పటికి చిన్నపిల్లయిన ఈవిడ ఇంకో కొడుకు వాటాకు వెళ్ళారు. పిల్లను బండెక్కించి తీసుకుపోతుంటే తల్లి వెనకాల పరిగెత్తింది. అంతే కథ.

మొదటిసారి మంచి గ్రాంథికంలో చదివారు. విని ఆయనే తల పట్టుకున్నారు. "లాభం లేదు నాయనా. ముసలమ్మ పంచాంగం చదువుతున్నట్టుంది. ప్రాణం లేదు."

మర్నాడు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోలేదు. నడుం కొంచెం వంచి, మెడ ఓ పక్కకు వాల్చి, మైకు ముందు నిలబడ్డారు.

"హ్హెమ్... మాయమ్మ బండెనకాలే పరిగెత్తుకొచ్చిందండి... హ్హెమ్... ఆ మలుపుకాడి దాకా. ఆపైన కనపళ్ళేదండి. అదండి మరి."

మాటకూ మాటకూ మధ్య గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఒక సవరింపు. రికార్డయింది వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఆ గొంతు ఆయన పుట్టించారనుకున్నాను. ఆ కాలేజీ గడప నేనింకా తొక్కలేదు.

కాలేజీలో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. అది మార్తమ్మది. వరండాలూ క్లాసురూములూ ఊడ్చే మనిషి. అంతకుముందు చాలా ఏళ్ళు రైసుమిల్లులో తవుడు ఊడ్చింది. ఆ దుమ్ము గొంతులో కూర్చుంది, దిగలేదు, ఏ మాట మొదలుపెట్టాలన్నా ముందు గొంతు సవరించుకోవాలి. ఆవిడ కూతురు రమ్యశ్రీ అదే బి.ఎ. క్లాసులో మూడో బెంచీలో కూర్చుంటుంది. "ఒక డౌటు సార్" అని లేచేది ఆ పిల్ల ఒక్కతే.

ఇదంతా మాస్టారికి తెలియక కాదు. ఆ గొంతు చేస్తున్నప్పుడు గుర్తుకు రాలేదు. తర్వాత ఆయన నాతో అన్న మాట ఇది. గుర్తుకు రాకపోవడమే అసలు సంగతని ఆయనకూ తెలుసు, అందుకే ఆ మాట పూర్తి చేయలేదు.

వీడియో క్లాసులో వేశారు. మొదటి "హ్హెమ్" దగ్గరే నవ్వులు మొదలయ్యాయి. తల్లి పరిగెత్తే చోట క్లాసంతా బల్లలు కొట్టింది. బన్నీ అనే కుర్రాడు వెనక బెంచీలోంచి కేకేశాడు.

"సార్, మార్తమ్మ అమెరికా ఎప్పుడెళ్ళింది సార్?"

మాస్టారు కూడా నవ్వారు. పెళ్ళిళ్ళలో నవ్వినట్టే. తను చేసిన గొంతు ఎవరిదో పోల్చుకున్నారన్న సంతోషం అది. మూడో బెంచీ వైపు చూడనే లేదు.

మర్నాటి నుంచి రమ్యశ్రీ రాలేదు.

నాలుగు రోజులు పోయాక ఆయన స్టాఫ్ రూములో ఉండగా కిటికీ అవతల మాటలు వినిపించాయి. మార్తమ్మ వరండా ఊడుస్తోంది. బన్నీ, వాడి స్నేహితులు ఆవిడ ముందు నుంచి పోతూ ఒకరి తర్వాత ఒకరు "హ్హెమ్... హ్హెమ్..." అంటున్నారు. ఆవిడ చీపురు ఆపింది.

"ఏం బాబూ, అందరికీ ఒకేసారి గొంతు పట్టేసిందేటండి? ఏణ్ణీళ్ళల్లో ఉప్పేసుకుని పుక్కిలించండి. నాలాగ ముదరనియ్యకండి."

"అలాగే మార్తమ్మా. అదండి మరి!" అన్నాడు బన్నీ. అందరూ విరగబడి నవ్వారు. మార్తమ్మ కూడా నవ్వింది. పిల్లలు తనతో సరదాగా ఉన్నారనుకుంది.

మాస్టారి చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ వారమే రమ్యశ్రీ టీసీ కోసం ఆఫీసుకు వచ్చింది. ఆయన వరండాలో పట్టుకున్నారు.

"ఏమ్మా, ఫైనలియరులో టీసీ ఏమిటి?"

"ఒక డౌటు సార్."

"అడుగమ్మా."

"ఆ ముసలావిడ మాట్లాడింది రికార్డుందా సార్?"

"లేదమ్మా. రాసిపెట్టిందే ఉంది."

"రాసినదాంట్లో గొంతు సవరించుకున్నట్టు ఉందా సార్?"

ఆ పిల్ల నేల చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మీరిచ్చిన లింకులోనే టీచర్లకని ఒక పేజీ ఉంది సార్. ఆ మాటల్ని క్లాసులో అనుకరించొద్దు, బానిసల్లాగా నటించొద్దు అని రాశారు. ఆ యాసని అలా వంకర్లుగా రాసింది ఆ బానిసలు కాదంట సార్. వాళ్ళ దగ్గరికెళ్ళిన తెల్లవాళ్ళంట చాలామంది."

మాస్టారు ఆ పేజీ తెరవలేదు. మన చదువులే అంత. పాఠం దించుకుంటాం, పరీక్షకు రాని పేజీ వదిలేస్తాం. చదవమని లింకు ఇచ్చినాయన చదవలేదు, తీసుకున్న పిల్ల చదివింది.

"నేను వెక్కిరించలేదమ్మా. ఆ గొంతులో ఒక బాధ ఉంది కదా అని..."

"తెలుసు సార్. చాలా బాగా చేశారు. మా అమ్మ మా ఇంట్లో మాట్లాడినట్టే ఉంది." టీసీ దరఖాస్తు మడుస్తూ అంది, "మా అమ్మ వినకూడదు సార్. అదొక్కటే. వినదంటే సోమవారం నుంచి వస్తాను."

"వినదమ్మా. నాది పూచీ."

అక్కణ్ణుంచి నేరుగా స్టూడియోకి వచ్చారు. "తీసెయ్ నాయనా. ఛానెల్లో తీసెయ్, నీ కంప్యూటర్లో తీసెయ్." నేను ఎందుకని అడిగితే అప్పుడు చెప్పారు ఇదంతా. తీసేశాను. అదే పాఠం తన మామూలు గొంతుతో, నిదానంగా, ఏ వేషం లేకుండా చదివారు. ప్రిన్సిపాలుగారికి అంతకుముందు పంపినదాని బదులు కొత్తది పంపించాం. సోమవారం రమ్యశ్రీ మూడో బెంచీలో కూర్చుంది.

కమిటీ వచ్చిన రోజున మైకూ ప్రొజెక్టరూ చూసుకోవడానికి నన్ను పిలిచారు. సెమినారు హాలు పూలతో, ఫ్లెక్సీతో పెళ్ళిపందిరిలా ఉంది. ముందు వరసలో కమిటీవాళ్ళు, వాళ్ళ వెనక బాగా చదివే పిల్లలు. రమ్యశ్రీ కూడా ఉంది. మాస్టారు కొత్త వీడియో మొదలెట్టమన్నారు. నిమిషం గడిచేసరికి కమిటీలో ఒకాయన ఫోను తీశారు. ప్రసాదరావుగారు నా దగ్గరికి వంగారు.

"ఇది చప్పగా ఉందోయ్. మొదటిది నేను దాచాను." పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టారు.

"మాస్టారు అది వద్దన్నారండీ..."

"కాలేజీ ఆయనదా, నాదా? పెట్టవోయ్."

పెట్టాను. సరిగ్గా అప్పుడే మార్తమ్మ టీల ట్రే పట్టుకుని పక్క తలుపులోంచి వచ్చింది.

"హ్హెమ్..." అంది స్పీకరు, హాలు నిండా.

మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు. "సార్, అది ఆపించండి, అది..."

"కూర్చోండి మాస్టారూ. మీ విద్య విలువ మీకు తెలీదు" అన్నారు ప్రసాదరావుగారు, అందరికీ వినబడేలా. కమిటీవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మాస్టారి చెయ్యి ముందు కుర్చీ మీద ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే ప్లగ్గు. ఆయన కమిటీ వైపు చూశారు, ప్లగ్గు వైపు చూశారు. కూర్చున్నారు.

ఫోను తీసినాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. కమిటీలో ఒకావిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అచ్చం మన పనిమనుషుల్లాగే! భలే పట్టారండీ" అంది. రెండు వరసల మధ్య మార్తమ్మ నిలబడిపోయింది. ఆవిడకు నిజంగానే గొంతులో అడ్డుపడింది. సవరించుకోలేదు. పెదాలు బిగించింది, మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ట్రేలో కప్పులు గలగలలాడాయి. మెల్లిగా ట్రే బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. తలుపు మూసుకున్నాక వరండాలో ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. స్పీకరులో ముసలమ్మ తల్లి ఇంకా పరిగెడుతూనే ఉంది.

రమ్యశ్రీ లేచి బయటికి వెళ్ళింది. తన వైపు చూస్తుందేమోనని మాస్టారు తల దించుకున్నారు. ఆ పిల్ల చూడలేదు.

కమిటీ మెచ్చుకుంది. సెక్షను నిలిచింది. మాస్టారికి ఆర్డరు వచ్చింది. ప్రసాదరావుగారు శాలువా కప్పారు. ఏదో ఒక శిక్ష పడి ఉంటే మాస్టారు కొంచెం తేలికపడేవారనుకుంటాను. అదీ జరగలేదు.

రెండు రోజులకు మార్తమ్మ పనిలోకి వచ్చింది. ఆయన ఎదురెళ్ళారు.

"మార్తమ్మా, నాది తప్పు. చాలా పెద్ద తప్పు."

"ఆయ్, పోనియ్యండి." చీపురు ఆపలేదు. "మిల్లులో పాడైన గొంతండి నాది. మీది సుబ్బరంగా ఉందిగా. మీకెందుకండి నాది?"

ఆయన నిలబడే ఉన్నారు. ఆవిడ కొంచెం దూరం ఊడ్చుకుంటూ పోయి, వెనక్కి తిరిగి అడిగింది.

"ఆ పిల్ల వాళ్ళమ్మ గురించి అంత బాద సెబతా ఉంటే ఎందుకు నవ్వేరండి అందరూ? నా గొంతుకేనాండి?"

ఆయన చీపురు వైపు చూస్తూ, "రమ్య..." అన్నారు.

"ఏలూరులో బట్టల షాపులో సేరిందండి. పొద్దున్న రైలుకెళ్ళి రేత్రికొత్తంది."

ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎవరడిగినా మాస్టారు గొంతులు చెయ్యరు. కాలేజీకి ప్రొజెక్టరు పని మీద నేను అప్పుడప్పుడూ వెళుతుంటాను. మార్తమ్మ ఇప్పుడు కాలేజీలో గొంతు సవరించుకోదు. సవరించుకోవాల్సి వస్తే చీపురు గోడకానించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సైకిళ్ళ షెడ్డు వెనక్కి వెళ్ళి వస్తుంది. క్లాసులోంచి ఆవిడ వెళ్ళడం కనిపిస్తే మాస్టారు పాఠం ఆపేస్తారు. ఆవిడ తిరిగివచ్చి చీపురు అందుకునేదాకా నోరు విప్పరు. తెర మీద మిసిసిపీ అలా నిలబడే ఉంటుంది. పాఠం ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు. లేచి అడిగే పిల్ల ఆ క్లాసులో లేదు.