కంబం లేని కారు

మా ఊర్లో ఆ కారును చూసినవాళ్ళంతా నన్ను మొదట అడిగేది ఒకటే ప్రశ్న. "లీటరుకు ఎంత ఇస్తాదప్పా?" బస్టాండులో సోడాలమ్మే మనిషి అడిగాడు, మా హెడ్మాస్టరు అడిగాడు, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినాయన బిల్లు చేతిలో పట్టుకొనే అడిగాడు. మొదట్లో నిజం చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు నెత్తిన చెయ్యి పెట్టుకొని, "గుజిరీకి ఏసెయ్యప్పా" అని వెళ్ళిపోయేవాళ్ళు. గుజిరీ అంటే మా వైపు పాత ఇనుము కొనే అంగడి. పోనుపోను నాకు ఒళ్ళు మండి, "ఇదేమన్నా పాడి ఎనుమా, ఎంతిస్తాదని అడిగేదానికి?" అనడం మొదలుపెట్టాను. దాంతో ఊర్లో నాకు తిక్క మాస్టరని పేరు పడింది. పేరు పడితే పడింది, ఆ కారు గురించి నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఒక్కడూ లేకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టేది.

నేను ఉరవకొండ పక్కన ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు వచ్చాయి, పోయాయి, తర్వాత రావడం మానేశాయి. తొంభైల చివర్లో, నలభై దాటాక, ఈ కారు నా ఇంటికి వచ్చింది. అంతకుముందు బళ్ళారి రోడ్డులో ఒక పెద్ద రైతు తోటలో చింతచెట్టు కింద పడి ఉండేది. ఆయన బతికినన్నాళ్ళు ఎలక్షన్లకు దాంట్లోనే తిరిగాడట. ఆయన పోయాక కొడుకులు పొలాలు పంచుకున్నారు, బోర్లు పంచుకున్నారు, కారు దగ్గరికొచ్చేసరికి నీకంటే నీకని తోసుకున్నారు. నేను అడగడమే ఆలస్యం, ఎక్కడ మనసు మార్చుకుంటానోనని వాళ్ళే ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి చేల అంచున, గోడల్లేని మా రేకుల షెడ్డులో వదిలిపెట్టి పోయారు.

యాభైల చివర్లో అమెరికాలో తయారైన బండి. పిస్తా రంగు ఒళ్ళు, మీగడ రంగు టాపు, వెనక రెండు పక్కలా నిక్కబొడుచుకున్న రెక్కలు. ఇంజను మోగుతుంటే ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుంటున్నట్టు ఉండేది. అయితే నన్ను పడగొట్టింది ఇవేవీ కావు. మామూలు కారుకు ముందు తలుపుకూ వెనక తలుపుకూ నడుమ ఒక ఇనుప కంబం ఉంటుంది, టాపు దాని మీద ఆనుకుంటుంది. ఈ కారుకు ఆ కంబం లేదు. నాలుగు అద్దాలూ దించేస్తే ముందు నుంచి వెనక దాకా అడ్డమన్నదే ఉండదు. నెత్తిన గట్టి టాపు ఉంటుంది, పక్కలంతా బయలు. హార్డ్‌టాప్ అంటారు దాన్ని. నాలుగు తలుపుల వాటిలో ఇలాంటివి ఇప్పుడు అక్కడే తక్కువ మిగిలాయట, ఇక మన దేశం సంగతి చెప్పేదేముంది. బొమ్మలు గీసేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, ఒక గీత తీసేసినా బొమ్మ నిలబడాలంటే మిగతా గీతలు ఎంత సరిగ్గా ఉండాలో. సాయంత్రం బడి నుంచి రాగానే అద్దాలన్నీ దించుకొని షెడ్డులోనే అందులో కూర్చునేవాణ్ణి. అటు చేలు, ఇటు చేలు, శనక్కాయ మొలిచిందో ఎండిందో కూర్చున్నచోటి నుంచే కనిపించేది. ఆ సుఖం ఇంకొకరికి చూపించాలని ప్రాణం కొట్టుకునేది.

పిల్చినవాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు. ఎక్కినా మెత్తటి సీటు మీద రెండుసార్లు ఎగిరి, లీటరుకు ఎంతిస్తాదని అడిగి దిగిపోయేవాళ్ళు.

రోడ్డెక్కిస్తే ఇంకో తంటా. దాని స్టీరింగు ఎడమ పక్క. ముందు ట్రాక్టరో లారీయో పోతుంటే దాన్ని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో నాకు కనిపించదు. కుడిపక్క సీట్లో ఒక మనిషి కూర్చొని, తల బయటికి పెట్టి చూసి, పోవచ్చునో పోకూడదో చెప్పాలి. ఆ పెద్దరైతుకు అందుకోసమే ఒక మనిషి ఉండేవాడట. నాకెవరున్నారు? శనక్కాయ బస్తాల ట్రాక్టరు ముందు పడితే అంతే, అది ఏ ఊర్లో మళ్ళుతుందో అక్కడిదాకా దాని దుమ్ము మింగుతూ వెనకే పోవాలి. అంత పెద్ద ఇంజను ఉన్న బండితో అనంతపురం చేరేసరికి పాసింజరు బస్సు నన్ను దాటి పోయి, జనాన్ని దింపి, మళ్ళీ ఎదురొచ్చేది.

ఆ బస్సులో ఒక్కోసారి మా అన్న ఉండేవాడు.

అన్న నాకన్నా పదేళ్ళు పెద్ద. నాకు ఊహ తెలియకముందే వానకు మట్టిమిద్దె కూలి అమ్మ చనిపోయింది. నాయన సేద్యంలో పడి ఇంటి మొహం చూసేవాడు కాదు. నన్ను ఎత్తుకొని తిరిగింది, బళ్ళో వేసింది, చదివించింది అన్నే. తను చదువు మానేసి మెట్టసేద్యం చేసుకుంటూ ఉండిపోయాడు. వదినా తనూ మా వీధిలోనే ఉండేవాళ్ళు. రోజూ పొలం నుంచి వస్తూ షెడ్డు దగ్గర ఆగేవాడు. కారు చుట్టూ ఒక తిరుగు తిరిగి, టాపు మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, తల అడ్డంగా ఊపేవాడు.

"మిద్దె బరువుండాదిరా" అనేవాడు.

"మిద్దె కాదన్నా, టాపు" అనేవాణ్ణి నేను, పిల్లలకు బొమ్మ దిద్దినట్టు.

"ఏదో ఒకటిలే" అని వెళ్ళిపోయేవాడు. ఎక్కమంటే ఎక్కేవాడు కాదు. గుంతకల్లులో ఒకే పెళ్ళికి పోవాల్సి వచ్చినప్పుడు కూడా తను బస్సులో పోయాడు, నేను ఆ బస్సు వెనకే ఒక్కణ్ణి కారులో పోయాను. వెనక కిటికీ దగ్గర కూర్చున్న అన్న తువ్వాలు నాకు కనిపిస్తూనే ఉంది. తమ్ముడు పెళ్ళీపెటాకులు లేకుండా ఇనుము కొనుక్కున్నాడని సిగ్గుపడుతున్నాడని అనుకున్నాను. ఆ పెళ్ళిలో నాకు అన్నం సయించలేదు.

బెంగళూరులో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఒక జట్టుగా ఉన్నారని ఎవరో చెప్తే తెలిసింది. ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేశాను. అవతలాయన నా కారు వివరాలు విని, "కంబం లేనిదే కదా? నాలుగు తలుపులదే కదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. లీటరుకు ఎంతిస్తుందని అడగలేదు. బూతులోంచి బయటికొచ్చాక ఎవరితోనన్నా చెప్పుకోవాలనిపించి సోడా తాగి, సోడా మనిషితోనే చెప్పుకున్నాను. వచ్చే నెల ఒక ఆదివారం ముగ్గురు వస్తామన్నారు. నా బతుకులో అంతగా ఎదురుచూసిన చుట్టాలు లేరు. ఏమీ విడమరచి చెప్పే పని లేకుండా నాతో సమంగా కూర్చొని చూసే కళ్ళు వస్తున్నాయి మరి.

అంతలో నన్ను కొత్తచెరువులో ఏదో ట్రైనింగుకు వేశారు, వారం రోజులు. తాళంచెవి అన్నకిచ్చి, వాళ్ళొచ్చేలోగా కొంచెం కడిగించమన్నాను.

"నువ్వేం దిగులు పెట్టుకోవద్దు, నేను సూసుకుంటా గదా" అన్నాడు అన్న.

శనివారం సాయంత్రం తిరిగొచ్చాను. కారు తళతళలాడుతోంది. రెండు పక్కలా, తలుపుల నడుమ, కింద నుంచి టాపు దాకా ఒక్కో కంబం నిలబడి ఉంది. ట్రాక్టరు ట్రాలీకి వేసే ఇనుప యాంగిలు. వెల్డింగు చేయించి, ఇంటి తలుపులకు కొట్టే పచ్చ పెయింటు కొట్టించాడు. వెనక అద్దాలు ఇక పూర్తిగా పైకి లేవవు.

అన్న పక్కనే నిలబడి కంబాన్ని గట్టిగా ఊపి చూపించాడు. "ఏనుగెక్కినా కదల్దు. ఇంగ భయంలేదు."

"ఎవురు చేయమన్యారు నిన్ను? ఏం తెలుసని చెయ్యి పెట్టినావు? దీనికి ఉండే అందమంతా అదే గదన్నా! గొంతు కోసినావు గదన్నా!" అని వీధి వినేలా అరిచాను. వదిన బయటికొచ్చింది. అన్న తువ్వాలు భుజాన వేసుకొని ఇంట్లోకి పోయాడు.

మర్నాడు వాళ్ళు వచ్చారు. వీధి మొగదలలోనే కారు ముక్కును చూసి ఒకాయన చప్పట్లు కొట్టాడు. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ చేతులు ఆగిపోయాయి. ముగ్గురిలో పెద్దాయన పచ్చ కంబం మీద వేలు పెట్టి, "అయ్యో సార్, ఎవరు చేశారిది?" అన్నాడు, పోయినవాళ్ళ ఇంటికొచ్చి అడిగినట్టు. పాపం, మర్యాదస్తులు. ఇంజను విన్నారు, మీటర్లు చూశారు, రెక్కలు తడిమారు. వదిన చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. తర్వాత వాళ్ళలో వాళ్ళే మైసూరులో ఉన్న ఇంకేదో కారు గురించి మాట్లాడుకున్నారు. "బెంగళూరు తెస్తే ఇది కోసేయొచ్చు సార్, ఎప్పుడన్నా చూద్దాం" అని చెప్పి మధ్యాహ్నం భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా లోపల కూర్చోలేదు.

నేను పోయి నా సీట్లో కూర్చున్నాను. అద్దాలు దించబుద్ధి కాలేదు. ఇంత పెద్ద జిల్లాలో నాకు ఒక్క మనిషి లేడనిపించి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఎంతసేపయిందో, అన్న వచ్చాడు. వదిన చేసిన ఓళిగలు పళ్ళెంలో పెట్టుకొని వచ్చాడు. పళ్ళెం బానెట్టు మీద పెట్టి నిలబడ్డాడు.

"ఎందుకు అన్నం తినకుండా పోయినారు వాళ్ళు?"

"నీ కంబాన్ని చూసి."

అన్న కంబం మీద చెయ్యి వేశాడు. "ఆ పొద్దు మన మిద్దె పడిందీ కంబం లేకనేరా. నడిమి కంబాన్ని చెదలు తినేసుండాది, ఎవురూ చూడలా. ఎన్నేండ్లకో వాన పడినాది. నిన్ను సంకనేసుకొని వాన సూపిద్దామని వాకిట్లోకి వచ్చినా. అమ్మ పొయ్యికాడ ఉండాది. రండ్రా తడుచ్చారు అన్యాది. అంతే."

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ అన్న నోటి నుంచి ఎప్పుడూ వినలేదు.

"నువ్వు దినమ్మూ ఈ మిద్దె కింద ఒక్కడివే కూచ్చుంటావు" అన్నాడు. "కంబం లేకుండా. నేను సేన్లోనుంచి సూస్తాంటి. నువ్వు దాంట్లోనుంచి దిగినాకనే నేను ఇంటికొస్తాంటి. ఎక్కమంటే యాడ ఎక్కేదప్పా? గుండె దడదడ కొట్టుకుంటాంటే."

అన్న కారు చుట్టూ తిరిగి కుడిపక్క తలుపు తీశాడు. టాపు వైపు ఒకసారి చూసి, తల బాగా వంచుకొని లోపలికి వచ్చి కూర్చున్నాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టి కంబం పట్టుకున్నాడు.

"ఊ, పోనీ. యాడికన్నా పోనీ."

ఊరు దాటాక మామూలుగానే ఒక ట్రాక్టరు ముందు పడింది, శనక్కాయ పొట్టు గాలికి ఎగజిమ్ముకుంటూ. నేను అలవాటుగా వేగం తగ్గించాను. అన్న కంబం పట్టుకొని, తల బయటికి పెట్టి చూశాడు. తువ్వాలు గాలికి కొట్టుకుంటోంది.

"ఎవురూ లేరు. పోనీ!"

తొక్కాను. ఆ ఇంజను సత్తా ఏమిటో ఆ రోజు మొదటిసారి చూశాను. ట్రాక్టరు పక్కకు ఒరిగినట్టే ఒరిగి వెనక్కి పోయింది. అన్న చిన్నపిల్లవాడిలా కేక వేశాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

తర్వాత కొన్నేళ్ళు అలా తిరిగాం. పెట్రోలుకు ఓపిక ఉన్నప్పుడల్లా. చుట్టాలను చూడ్డానికి చిలమత్తూరు దాకా కూడా పోయాం ఒకసారి. దారంతా అన్న చెయ్యి కంబం మీదే. టాపును మిద్దె అంటూనే ఉన్నాడు, నేను దిద్దడం మానేశాను. రెండువేల ఏడో ఎనిమిదో, కరువు మళ్ళీ గట్టిగా పట్టిన ఏడాది, చేలోనే గుండె ఆగి అన్న పోయాడు.

బెంగళూరు పెద్దాయన ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. మంచివాడు. "సార్, ఆ కంబాలు కోసేస్తే మళ్ళీ అసలు బండి అవుతుంది. మొత్తం దక్షిణాదిలో అలాంటిది ఇంకోటి లేదు" అంటాడు. ఆ మాట నిజమని నాకూ తెలుసు. వద్దులెండి అంటాను. ఎందుకని అడుగుతాడు. మిద్దె పడిపోతుంది అంటాను. తిక్క మాస్టరని ఆయనకూ అర్థమై ఉంటుంది.

ఎప్పుడైనా ఇంజను బిగుసుకోకుండా రోడ్డు మీదికి తీస్తాను. కుడిపక్క కంబానికి పచ్చ రంగు ఒకచోట అరిగిపోయి ఇనుము కనిపిస్తుంటుంది, సరిగ్గా చెయ్యి పట్టేంత మేర. ట్రాక్టరు ముందు పడితే అలవాటుగా అటు తిరిగి చూస్తాను. ఎవరూ లేరు. ట్రాక్టరు ఏ ఊర్లో మళ్ళుతుందో అక్కడిదాకా దాని వెనకే పోతాను.