నేల మీది పైలట్

108 అంబులెన్స్ నడిపేవాణ్ణి డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. భద్రాచలం అడవి దారుల్లో తిరిగే చిరంజీవికి ఆ మాటంటే ప్రాణం. పొద్దున్నే బండి అద్దం తుడిచి, అదే గుడ్డతో చొక్కాకున్న, 'పైలట్' అని రాసున్న పేరు బిళ్ళనూ తుడుచుకునేవాడు. టీకొట్టు దగ్గర ఎవరైనా "డ్రైవరన్నా" అని పిలిస్తే పలికేవాడు కాదు. బిళ్ళ మీద వేలుపెట్టి చూపించి నవ్వేవాడు.

మొన్నటి వానాకాలం వాగు పొంగి, అతని బండి ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. అవతల, నొప్పులు పడుతున్న కోడల్ని మంచం మీద మోయించుకొచ్చిన నాగక్క నిలబడి ఉంది. పైలట్ వచ్చాడని ఎవరో చెప్పగానే ఆ ముసలామె ముఖం వెలిగింది.

"పైలటంటే ఇమానం తోలేటోడే గదా బిడ్డా! ఆగినవేంది? జల్దీ ఎగిరి రా!" అని చేతులు జోడించి అరిచింది. ఎగతాళి కాదు, నిజంగానే నమ్మింది.

చిరంజీవి నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. ఊరివాళ్ళతో కలిసి మంచాన్ని భుజానికెత్తుకుని ఇవతలికి చేర్చాడు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఇప్పటికీ పొద్దున్నే అద్దం తుడుస్తాడు. బిళ్ళ మాత్రం జేబులో ఉంటుంది. టీకొట్టు దగ్గర "పైలట్ సాబ్" అని పిలిస్తే, గ్లాసు కింద పెట్టి మెల్లగా అంటాడు: "నా బండికి రెక్కలు లెవ్వన్నా. డ్రైవరనే పిలువు."